అగాథా క్రిస్టీ నోటు పుస్తకాలు

మన స్కూల్ లైబ్రరీ నుంచి పెద్ద తరగతుల పిల్లలు ఎక్కువగా ఇంటికి తీసుకెళ్ళే ఇంగ్లిష్ పుస్తకాల్లో అగాథా క్రిస్టీవి కూడా ఉన్నాయి. అట్ట మీద కత్తో, విషం సీసానో కనబడగానే ఈ హత్యల పుస్తకాలు పిల్లలకెందుకు టీచర్ అని కొందరు పేరెంట్స్ అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ నెల ఆమె గురించి రాస్తున్నాను.

ఆమె రాసిన తరహా కథలను ఇప్పుడు కోజీ మిస్టరీ అంటున్నారు. హత్య జరుగుతుంది గానీ రక్తపాతం కళ్ళముందు చూపించరు. ఊరు చిన్నది. అందరూ తెలిసినవాళ్ళే. హంతకుడు ఎక్కడి నుంచో ఊడిపడడు, ఆ నలుగురిలోనే ఉంటాడు. పట్టుకునేది తుపాకీ కాదు, బుర్ర. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలను ఒకప్పుడు పోటీపడి చదివిన తాతలు, నానమ్మలు మీ ఇళ్ళలో ఉంటే, రాత్రి నిద్ర మానుకుని చివరి పేజీ దాకా చదవడం అంటే ఏమిటో వాళ్ళను అడగండి.

అగాథా 1890 సెప్టెంబర్ 15న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్న టార్కీలో పుట్టింది. ముగ్గురిలో చిన్నది. పిల్లలు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పుస్తకం ముట్టుకోకూడదని అప్పట్లో తల్లి క్లారా నమ్మకం. ఆ నమ్మకం ఈ పిల్ల దగ్గర సాగలేదు. పెద్దవాళ్ళు చదివి వినిపించే పుస్తకాన్ని చూస్తూ చూస్తూ ఐదేళ్ళకే తనంతట తాను చదివేసింది. ఏదో తప్పు జరిగిపోయినట్టు ఆయా వచ్చి తల్లికి చెప్పుకుందట. అయితే అగాథా అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకోలేదు, మాట మొత్తం ఆకారాన్ని గుర్తుపెట్టుకుంది. దాంతో చదవడం వేగంగా వచ్చింది గానీ స్పెల్లింగ్ మాత్రం జీవితాంతం తిప్పలు పెట్టింది. వారం వారం డిక్టేషన్ పెట్టే టీచర్‌గా ఈ సంగతి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. లెక్కలు తండ్రి దగ్గర నేర్చుకుంది. అవంటే ఆమెకు ఇష్టం.

అక్క, అన్న పెద్దవాళ్ళయి చదువులకు వెళ్ళిపోవడంతో పెద్ద తోటలో ఒంటరిగా ఆడుకునేది. లేని స్నేహితులను కల్పించుకుని, వాళ్ళకు పేర్లు పెట్టి, వాళ్ళతో మాట్లాడేది. తర్వాత ఏకంగా ఒక స్కూల్ పిల్లలందరినీ ఊహించుకుంది. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. డబ్బుకు కటకట మొదలైంది. సంగీతం నేర్చుకోవడానికి పారిస్ వెళ్ళింది, బాగానే నేర్చుకుంది కూడా. కానీ నలుగురి ముందు వాయించాలంటే చేతులు ఆడేవి కావు. ఆ దారి మూసుకుపోయింది. ఒక చలికాలం జ్వరం తగ్గి మంచంలో విసుగ్గా పడి ఉంటే, కథ రాసి చూడమని తల్లే ఒక ఎక్సర్‌సైజ్ బుక్ తెచ్చిచ్చింది. డిటెక్టివ్ కథ రాయడం మాత్రం నీ వల్ల కాదని అక్క మ్యాడ్జ్ పందెం కాసింది. తర్వాత చాలా ఏళ్ళు ఆ మాట అగాథా మనసులో ఉండిపోయింది.

1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాదే, ఆర్చీ క్రిస్టీ అనే సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది. అతను యుద్ధంలో ఉంటే ఆమె టార్కీ ఆస్పత్రిలో ముందు నర్సుగా, తర్వాత మందులు కలిపే గదిలో పని చేసింది. పరీక్ష రాసి ఆ పనికి అర్హత కూడా సంపాదించింది. శిక్షణలో ఉన్నప్పటి ఒక సంఘటన ఆత్మకథలో ఉంది, నాకు చాలా ఇష్టం. నేర్పించే ఫార్మసిస్టు ఒక మందు చేస్తూ దశాంశ బిందువు తప్పుచోట పెట్టాడు. అంటే మోతాదు పదింతలు. ఆయన తప్పు పట్టే ధైర్యం ఆ పిల్లకు లేదు, ఆ మందు రోగి దాకా పోనివ్వడానికి మనసు ఒప్పలేదు. కాలు తడబడినట్టు నటించి ఆ ట్రేను కింద పడేసి, పైనుంచి తొక్కేసింది.

చుట్టూ అలమరల నిండా విషాల సీసాలు. పని లేని మధ్యాహ్నాలు. అక్క వేసిన పందెం. విషంతో హత్య జరిగే కథ అక్కడే పుట్టింది. డిటెక్టివ్ కోసం వెతికినప్పుడు, యుద్ధం వల్ల టార్కీకి వచ్చి తలదాచుకున్న బెల్జియం వాళ్ళు గుర్తొచ్చారు. అలా హెర్క్యూల్ పోయిరో వచ్చాడు. సగంలో రాత ఆగిపోతే తల్లి సలహాతో డార్ట్‌మూర్ కొండల్లోని హోటల్‌కు వెళ్ళి, పొద్దున రాస్తూ, మధ్యాహ్నం పాత్రల మాటలు పైకే అనుకుంటూ మైళ్ళకొద్దీ నడిచి పూర్తి చేసింది. చాలామంది పబ్లిషర్లు తిప్పి పంపారు. చివరికి 1920లో వచ్చిన ఆ మొదటి నవల మీద ఆమెకు ముట్టింది 25 పౌండ్లు. విషాల గురించి సరిగ్గా రాసిందని ఫార్మసీ పత్రిక మెచ్చుకోవడం ఆమెకు అన్నిటికంటే సంతోషం కలిగించింది.

1926లో తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలోనే పుట్టింటి సామాన్లు సర్దుతుండగా, ఇంకో అమ్మాయిని ప్రేమిస్తున్నానని భర్త చెప్పాడు. డిసెంబర్ 3 రాత్రి ఆమె కారులో వెళ్ళిపోయింది. మర్నాడు ఖాళీ కారు దొరికింది. పోలీసులు, వాలంటీర్లు, చివరికి విమానాలు కూడా వెతికాయి. 11 రోజుల తర్వాత హారోగేట్‌లోని ఒక హోటల్‌లో వేరే పేరుతో కనబడింది. ఈ రోజుల గురించి ఆత్మకథలో ఆమె చెప్పుకోలేదు. ఆమె చెప్పదలచుకోనిది మనం తవ్వడం మర్యాద కాదని నా ఉద్దేశం. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి నెలలు. చేతిలో డబ్బు లేదు, ఏడేళ్ళ కూతురు రోజలిండ్ ఉంది, పబ్లిషర్‌కు నవల ఇవ్వాలి. కూతురిని, సెక్రటరీని వెంటబెట్టుకుని కెనరీ దీవులకు వెళ్ళి, పక్కన నిలబడి మాటిమాటికీ అడ్డొచ్చే పిల్లను సముదాయిస్తూ, ఒక్కో పేజీ చెప్పి రాయించింది. ఆ నవల పేరు 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రైన్'. అదంటే ఆమెకు ఎప్పుడూ ఇష్టం లేదు. కానీ సరదాగా రాసే మనిషి నుంచి, మనసు లేకపోయినా కూర్చుని రాయాల్సిన వృత్తి రచయిత్రిగా తాను మారింది అప్పుడేనని తర్వాత గుర్తుచేసుకుంది.

1928లో విడాకులయ్యాయి. అదే ఏడాది ఒంటరిగా ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి బాగ్దాద్ వెళ్ళింది. ఆ ప్రాంతానికి రెండోసారి వెళ్ళినప్పుడు పరిచయమైన పురావస్తు శాస్త్రవేత్త మ్యాక్స్ మలోవన్‌ను 1930లో పెళ్ళి చేసుకుంది. తనకంటే 14 ఏళ్ళు చిన్నవాడు. అతనితో పాటు ఇరాక్, సిరియా తవ్వకాల్లో ఏళ్ళ తరబడి ఉంది. ఫొటోలు తీసేది. నిమ్రూద్‌లో బయటపడిన ఏనుగు దంతపు బొమ్మల మట్టిని తన ఫేస్‌క్రీమ్‌తో తుడిచింది.

ఇంత రాసిన మనిషికి చాలా కాలం రాసుకునే గదంటూ లేదు. కదలని బల్ల, టైప్‌రైటర్ ఉంటే చాలు. అది బెడ్‌రూమ్‌లో బల్లయినా, భోజనాల మధ్య ఖాళీగా ఉండే డైనింగ్ టేబులైనా సరే. బాత్ టబ్‌లో కూర్చుని ఆపిల్స్ తింటూ కథలు అల్లేది. గిన్నెలు కడిగేటప్పుడు కూడా మంచి ఆలోచనలు వస్తాయనేది, ఆ మాట మన ఇళ్ళలో బోళ్ళు తోమే ఏ తల్లినడిగినా ఒప్పుకుంటుంది. తాగుడు లేదు, సిగరెట్ లేదు. మీగడంటే మాత్రం ప్రాణం. ఆమె నోటు పుస్తకాలు 73 మిగిలాయి. చాలావరకు మామూలు స్కూల్ నోటు పుస్తకాలే. ఒక పేజీలో ఎవరు ఎవరిని ఎందుకు చంపాలో ఉంటుంది. ఇంకో చోట సరుకుల జాబితా, పేకాట స్కోరు. ఒక నవలకు ఒక పుస్తకం అనే క్రమం కూడా లేదు. మన హోంవర్క్ కరెక్షన్‌లో ఇలాంటి నోటుబుక్ వస్తే నీట్‌నెస్‌కు మార్కులు పడవు.

మిస్ మార్పుల్ అనే ముసలావిడ పాత్రలో ఆమె నానమ్మ ఛాయలు, ఆ నానమ్మ స్నేహితురాళ్ళ ఛాయలు ఉన్నాయి. ఎవరి గురించైనా ముందు చెడే అనుకోవడం, చివరికి అదే నిజం కావడం ఆ నానమ్మ ప్రత్యేకత. వాడకట్టులో అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరి సంగతీ చెప్పే అవ్వలు మన రాజంపేటలోనూ ఉన్నారు కాబట్టి మీకు ఆ పాత్ర కొత్తగా అనిపించదు.

66 డిటెక్టివ్ నవలలు రాసినా బిడియం పోలేదు. తన నాటకం 'ది మౌస్‌ట్రాప్' కోసం లండన్‌లో పెట్టిన పార్టీకి కాస్త ముందుగా వెళ్తే, ఇంకా టైమ్ కాలేదని తలుపు దగ్గర ఆపేశారు. నేను ఫలానా అని చెప్పలేక వెనక్కి తిరిగింది. 1952లో మొదలైన ఆ నాటకం కోవిడ్‌లో తప్ప ఆగలేదు. దాని ఆదాయాన్ని తొమ్మిదేళ్ళ మనవడి పేర రాసేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే మళ్ళీ ఆస్పత్రి మందుల గదికి వెళ్ళి పని చేసింది. తనకేమైనా అయితే కూతురికీ భర్తకూ ఆధారంగా ఉండాలని రెండు నవలలు ముందే రాసి దాచిపెట్టింది కూడా. వాటిలో పోయిరో చనిపోయే కథ 1975లో బయటికి వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆ పాత్రకు మరణవార్త వేసింది. 1976 జనవరి 12న అగాథా తన ఇంట్లో కన్నుమూసింది. 85 ఏళ్ళు.

మరుసటి ఏడాది, 1977లో, ఖతార్ నుంచి 19 నెలల పసిబిడ్డను లండన్ ఆస్పత్రికి తెచ్చారు. మన కామారెడ్డి ఊళ్ళ నుంచి ఎందరో పనికి వెళ్ళే ఆ ఖతారే. బిడ్డ స్పృహ తప్పుతోంది, డాక్టర్లకు జబ్బేమిటో అంతుపట్టలేదు. అక్కడి నర్సు ఒకామె ఆ రోజుల్లో క్రిస్టీ నవల 'ది పేల్ హార్స్' చదువుతోంది. అందులో థాలియం అనే విషం ఎక్కినవాళ్ళకు జుట్టు రాలిపోతుంది. బిడ్డ జుట్టు కూడా రాలుతోందని గమనించి డాక్టర్లకు చెప్పింది. పరీక్ష చేయిస్తే థాలియమే. ఇంట్లో బొద్దింకలకు, ఎలుకలకు పెట్టిన మందు నుంచి బిడ్డకు సోకింది. చికిత్స మార్చారు, బిడ్డ కోలుకుంది. ఆ డాక్టర్లు వైద్య పత్రికలో ఈ కేసు గురించి రాస్తూ, లక్షణాలను అంత చక్కగా వర్ణించినందుకు అప్పటికే లేని అగాథా క్రిస్టీకి, ఆ నర్సుకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు.