సంఘసేవా ధురీణులు శ్రీ ఫ.గు. హళకట్టి గారు

సంఘమును స్థాపించుట సులభము. దానినుండి తనకేమియు కోరకుండుట దుర్లభము. అట్టి దుర్లభమైన కాయకమును జీవితాంతము ఆచరించి చూపిన మహనీయులు డాక్టర్ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారు.

వీరు 1880వ సంవత్సరము జూలై 2వ తేదీన ధారవాడలో జన్మించిరి. తండ్రిగారు గురుబసప్పగారు ఉపాధ్యాయులు, రచయిత. బొంబాయిలో ఉన్నత విద్య నభ్యసించి, 1904లో న్యాయశాస్త్ర పట్టము పొంది, కొంతకాలము బెళగాములోను, పిదప బిజాపురము (నేటి విజయపుర) లోను న్యాయవాద వృత్తి నవలంబించిరి. ఆ వృత్తిలో ధనార్జనకు కొదువ లేదు. కాని క్షామపీడితమైన ఆ జిల్లాలో రైతుబిడ్డలు చదువునకు దూరమై యుండుట వారి హృదయమును కలచివైచెను.

తత్ఫలితముగా 1910లో బిజాపుర లింగాయత విద్యాసంఘము వెలసెను. రైతులు వడ్డీవ్యాపారుల పాలుగాకుండుటకై 1912లో శ్రీ సిద్ధేశ్వర సహకార బ్యాంకు నెలకొల్పబడెను. విద్యయు, ఋణవిముక్తియు జంటగా సాగనిదే సమాజము లేవజాలదని వారు గ్రహించిరి.

ఇంతలో మరియొక కర్తవ్యము వారిని పిలిచెను. శివశరణుల వచనములు తాళపత్రములలో పురుగుల పాలగుచుండెను. హళకట్టివారు ఊరూర తిరిగి, మఠములను, గృహములను దర్శించి, ఆ ప్రతులను సేకరించిరి. 1923లో వచనశాస్త్రసారము ప్రథమభాగము వెలువడెను. తక్కిన వచనములను అచ్చొత్తించుటకు స్వంత ముద్రణాలయము కావలసివచ్చెను. వారు తమ యింటినే విక్రయించి, 1925లో హితచింతక ముద్రణాలయమును స్థాపించిరి! మరుసటి యేడు శివానుభవ పత్రిక నారంభించి మూడు దశాబ్దములకు పైగా నడిపిరి. అదే 1926లో, నాడు మద్రాసు రాష్ట్రమున నున్న బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు అధ్యక్షత వహించిరి.

పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన బసవేశ్వరుని చరిత్ర తెలుగువారికి చిరపరిచితము. అయినను ఆ శరణుల వచనములు నేడు మనకు చదువ లభించుటలో హళకట్టివారి కృషి ఎంతయో కలదు.

వారి వార్ధక్యము పేదరికములోనే గడచెను. చినిగిన కోటు ధరించి, సైకిలుపై పయనించుచు, ముద్రణాలయపు పనులు తామే చూచుకొనెడివారు. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము డాక్టరేటు బిరుదముతో సత్కరించెను. 1964 జూన్ 29న వారు లింగైక్యులైరి.

వారు నాటిన విద్యాసంఘము నేడు వైద్యకళాశాల మున్నగు విద్యాలయములతో విస్తరిల్లినది. మన సంఘములలో పదవుల నలంకరించు పెద్దలందరు ఒక్క సంగతి తలపోయవలెను: సంఘము మనకేమిచ్చినదని గాక, సంఘమున కేమి సమర్పించితిమని. ఆ ప్రశ్నకు ఇంటిని విక్రయించి సమాధాన మిచ్చిన ఆ పుణ్యపురుషునకు శరణు శరణార్థులు.