జోలె పట్టి నేర్చిన గానం: ఘంటసాల వెంకటేశ్వరరావు

మా ఊరు కర్ణాటకలో, బళ్ళారి సీమలో ఉన్నది. ఇక్కడి పిల్లలు బడిలో దిద్దే అక్షరాలు కన్నడం, బస్సు మీది బోర్డు కన్నడం, పంచాయతీ కాగితం కన్నడం. ఇంట్లో మాట మాత్రం తెలుగు. హోసూరు వైపు తమిళంతోనూ, బరంపురం వైపు ఒడియాతోనూ, చంద్రపురం వైపు మరాఠీతోనూ కాపురం చేస్తున్న మన తెలుగు ఇళ్ళన్నింటిదీ ఇదే తీరు. మాట ఇంటిది, రాత బడిది.

ఒకనాడు కన్నడ తరగతిలో కందపద్యం లక్షణం చెబుతున్నాను. కందం, ఉత్పలమాల, చంపకమాల కన్నడానికీ తెలుగుకూ ఉమ్మడి ఆస్తి. ఎవరికైనా ఒక పద్యం వచ్చునా అని అడిగాను. వెనుక బల్ల మీది పిల్లవాడు లేచి కృష్ణరాయబారంలోని తెలుగు పద్యం ఒకటి రాగయుక్తంగా పాడాడు. ఒక్క అక్షరం తప్పలేదు. ఒత్తులు, పొల్లులు ఎక్కడివక్కడ ఉన్నాయి. సంతోషించి అదే పద్యాన్ని తెలుగులో నల్లబల్ల మీద వ్రాసి చదవమన్నాను. వాడు తల వంచుకొన్నాడు. తెలుగు అక్షరాలు వాడికి రావు. ఆ పద్యం వాళ్ళ అవ్వ దగ్గర విన్నాడు. అవ్వ రేడియోలో ఘంటసాల గొంతున విన్నది. ఆమె కూడా చదువుకోలేదు.

రెండు తరాల నిరక్షరాస్యులకు పద్యాన్ని ఇంత శుద్ధంగా అందించిన ఆ మహానుభావుని జీవితాన్ని మన ఇళ్ళలో ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. కుమారుని భుజాన ఎక్కించుకొని భజనలకు తీసుకొని వెళ్ళేవారు. తండ్రి పాడుతూ ఉంటే ఆ పసివాడు నాట్యం చేసేవాడు. చూసినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచేవారు. ఆ ముచ్చట ఎంతోకాలం నిలువలేదు. వెంకటేశ్వరరావు 11వ ఏట సూరయ్య మరణించారు. గొప్ప సంగీత విద్వాంసుడవు కావాలన్నది కొడుకుకు ఆయన చెప్పి వెళ్ళిన కోరిక. ఆస్తి అంటూ మిగిలినది ఆ కోరిక ఒక్కటే. కుటుంబ భారాన్ని మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య వహించారు.

తండ్రి కోరిక తీర్చాలంటే గురువు కావాలి. గురువుకు ఇవ్వడానికి చేతిలో పైకం లేదు. సంగీతం తెలిసినవారి ఇళ్ళలో పనికి కుదిరితే విద్య అబ్బుతుందని ఆశించి, ఒక ఇంట బట్టలు ఉతికారు, మరొక ఇంట వంట చేశారు. పని మిగిలింది గాని పాట రాలేదు. చివరకు తన వేలి ఉంగరాన్ని అమ్మి, ఇంట్లో చెప్పకుండా విజయనగరం బయలుదేరారు. అక్కడి మహారాజా వారి సంగీత కళాశాల 1919లో స్థాపితమైనది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. తరువాత ఆ పదవిని అలంకరించిన వారు ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. అంతటి కళాశాల పేరు విని వెళ్ళిన పిల్లవానికి ఎదురైనది మూసి ఉన్న తలుపు. అవి వేసవి సెలవులు.

ఆ తరువాతి రోజులు కఠినమైనవి. ఎవరో చేసిన తప్పు తన మీద పడగా, దొరికిన నీడ కూడా పోయింది. అప్పుడు ఆదుకొన్నవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనది ఒడిశా సరిహద్దున ఉన్న సాలూరు. సాలూరు చిన గురువుగారని ఆయనకు పేరు. ఆ మహనీయుడు పైసా తీసుకోకుండా పాఠం ప్రారంభించారు. విద్య దొరికింది కాని తిండి దొరకాలి కదా. ఘంటసాల జోలె కట్టి మధుకరం ఎత్తారు. ఇంటింటి ముందు నిలబడి అన్నం అడుక్కొని, రెండు పూటలకు సరిపడా తెచ్చుకొనేవారు. మిగిలిన అన్నాన్ని గుడ్డలో మూట కడితే చీమలు పట్టేవి. మూత ఉన్న డబ్బా కొనడానికి కూడా డబ్బు లేదు. కొంతకాలానికి మేనమామ పంపిన సొమ్ముతో డబ్బా కొనుక్కొన్నారు.

ఈ డబ్బా సంగతిని నేను తరగతిలో తప్పక చెబుతాను. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, దుస్తులు బడిలోనే దొరికే కాలంలో పుట్టిన పిల్లలు విని కాసేపు మౌనంగా ఉంటారు. అంతకుమించి నేను ఏమీ చెప్పనక్కర లేదు.

చదువు ముగించి సొంత ఊరు చేరి, ఉత్సవాలలో పాడుతూ, పిల్లలకు సంగీతం చెబుతూ, నాటకాలు వేస్తూ ఉండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల అందులో దూకారు. ప్రభుత్వం పట్టుకొని 18 నెలలు జైలులో ఉంచింది. ఆ జైలు మరెక్కడో కాదు, మన బళ్ళారిలోని అల్లీపురం జైలు. అప్పటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా. కృష్ణా తీరపు యువకుడు 20 ఏళ్ళ వయసులో మన నేల మీద, మన ఎండలో, ఖైదీగా ఒకటిన్నర సంవత్సరం గడిపాడన్నమాట. ఈ సంగతి మన జిల్లాలో ఎందరికి తెలుసు?

విడుదలైన తరువాత, 1944లో మేనకోడలు సావిత్రితో ఆయనకు వివాహమైనది. తన పెళ్ళికి తానే కచేరీ చేసిన వరుడాయన. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యుల వారిదీ ఆ ఊరే. సముద్రాల వారు ఈ యువకుని పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్ళారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వారికి భారం కాకూడదని పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలు ఇచ్చి, రాత్రులు ఆ పార్కులోనే పడుకొనేవారు. పగలు అవకాశాల కోసం తిరిగేవారు. ఆకాశవాణిలో పాడారు. పేకేటి శివరాం చొరవతో గ్రామఫోను రికార్డులు వెలువడ్డాయి. చిత్తూరు నాగయ్య, బి.ఎన్.రెడ్డి గార్ల ఆదరణతో 'స్వర్గసీమ' చిత్రంలో భానుమతి గారితో కలిసి పాడారు. అందుకు ముట్టిన పారితోషికం 116 రూపాయలు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే కనుక వేగంగా చెబుతాను. 1949లో 'కీలుగుర్రం', 'మనదేశం', 1950లో 'షావుకారు', 1951లో 'పాతాళభైరవి' చిత్రాలకు సంగీతం కూర్చారు. 1953లో 'దేవదాసు' పాటలు ఊరూరా మారుమ్రోగాయి. 'మాయాబజార్' (1957), 'గుండమ్మకథ' (1962), 'లవకుశ' (1963) ఆయన సంగీత దర్శకత్వంలో వచ్చినవే. నాగేశ్వరరావుకు పాడితే నాగేశ్వరరావు పాడినట్లు, రామారావుకు పాడితే రామారావు పాడినట్లు వినిపించడం ఆయనకే చెల్లింది. మన పొరుగు భాషలనూ ఆయన వదలలేదు. 1963 నాటి కన్నడ చిత్రం 'వీరకేసరి'లోనూ, 1965 నాటి 'సత్య హరిశ్చంద్ర'లోనూ రాజ్‌కుమార్‌కు పాడారు. ఆ పాటలు నేటికీ కన్నడిగుల నోళ్ళలో ఉన్నాయి. మా బడిలోని కన్నడ ఉపాధ్యాయులు ఆయనను తమ గాయకునిగానే లెక్కవేస్తారు. తమిళంలోనూ పాడారు. మద్రాసు ఉస్మాన్ రోడ్డు ఇంట్లో నివసిస్తూ తమిళుల మధ్యనే బ్రదికారు. ఆ విధంగా ఆయన కూడా మన వంటి వారే. ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష.

అన్నింటా గెలిచారనడం అబద్ధమవుతుంది. స్వయంగా నిర్మించిన 'పరోపకారం' (1953), 'సొంతవూరు' (1956) నష్టాలనే మిగిల్చాయి. పాట మీద సంపాదించినది సినిమా మీద పోయింది. ఆయన మళ్ళీ పాటనే నమ్ముకొన్నారు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది పద్యం సంగతి. అంతకు పూర్వం నాటకరంగం మీద పద్యం అంటే ప్రధానంగా రాగాలాపన. నటుడు ఒక్కొక్క పాదం వద్ద ఆగి దీర్ఘంగా రాగం తీసేవాడు. ప్రేక్షకులు వన్స్ మోర్ అనేవారు. ఆ రాగ ప్రవాహంలో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో సామాన్యునికి అందేది కాదు. ఘంటసాల స్వయంగా నాటకాలాడినవారు కనుక ఆ పద్ధతిలోని అందమూ ఎరుగుదురు, ఇబ్బందీ ఎరుగుదురు. ఆయన రాగాన్ని తగ్గించి మాటను ముందు నిలబెట్టారు. సమాసాన్ని ఎక్కడ విడదీస్తే అర్థం చెడదో అక్కడ మాత్రమే ఊపిరి తీసుకొన్నారు. కోపానికీ, వేడికోలుకూ, ఎగతాళికీ గొంతు మార్చారు. పద్యం పూర్తయిన తరువాతనే కొద్దిపాటి ఆలాపన. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' వినండి. పూలు మనతో మాట్లాడుతున్నట్లే ఉంటుంది. నిఘంటువు తెరవని వారికి కూడా కన్ను చెమరుస్తుంది.

ఉపాధ్యాయునిగా నాకు ఇందులో ఒక పాఠం కనబడుతుంది. సరిగా విరిచి చదివిన పద్యానికి సగం తాత్పర్యం చెప్పనక్కర లేదు. మా పిల్లవాడు అర్థం తెలియకపోయినా అక్షరం తప్పకుండా పాడగలిగినది ఆ స్పష్టత వల్లనే. తెలుగు బడులు లేని ఊళ్ళలో, ఉన్నవి ఒక్కొక్కటిగా మూతపడిన ఊళ్ళలో, రేడియో పెట్టెలో నుండి ఆయన గొంతు జీతం లేని తెలుగు పంతులై పని చేసింది.

1952 డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల నిరాహారదీక్ష అనంతరం అమరులైనారు. ఆ అంతిమయాత్రలో ఘంటసాల ముందు నడిచి పాడారని పెద్దలు చెప్పుకొంటారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అదే రోజున బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు, బళ్ళారి ఇటు. ఆయన ఖైదీగా ఉన్న జైలు ఒక రాష్ట్రంలో మిగిలింది, ఆయన పాడుకొన్న రాష్ట్రం మరొకచోట ఏర్పడింది. గీత గీసినవారిని నిందించి ఇప్పుడు ప్రయోజనం లేదు. పాటకు ఆ గీత అడ్డు రాలేదన్నదే మనకు ముఖ్యం.

1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 1971లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశాలలో కచేరీలు చేశారు. అప్పటికే మధుమేహం శరీరాన్ని కుంగదీస్తున్నది. ఆ స్థితిలోనే భగవద్గీత శ్లోకాలను ఎంచి, తెలుగు తాత్పర్యంతో సహా పాడి రికార్డు చేశారు. అది విడుదలై ఇంటింటికీ చేరడం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు 51 సంవత్సరాలు. ఆ గీత రికార్డు ఆయన పోయిన తరువాత అదే సంవత్సరం వెలువడింది. 2003 ఫిబ్రవరి 11న తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళను విడుదల చేసింది. 2022లో శతజయంతి జరిగింది.

నేడు మన ఊళ్ళలో ఆ గీత ఎక్కువగా వినిపించేది చావు ఇళ్ళ ముందు. మైకులో ఆ గొంతు వినబడగానే ఎవరింట ఏమైనదోనని జనం గడపల్లోకి వస్తారు. జీవించడానికి చెప్పిన గీతను చావుకు మాత్రమే మిగుల్చుకొన్నాము. తెలుగు విషయంలో కూడా మనం చేస్తున్నది ఇదే కాదా? పండుగకొక పాట, పెళ్ళికొక పద్యం, చావుకొక గీత. మిగిలిన రోజులలో తెలుగు అక్షరం గుమ్మం దాటి లోపలికి రాదు.

కన్నడం నేర్వవద్దని నేను అనను. నేను బ్రదుకుతున్నదే కన్నడం చెప్పి. పొరుగు భాష అన్నం పెడుతుంది, దానికి ద్రోహం చేయరాదు. అయితే కన్నడ లిపి వచ్చిన పిల్లవానికి తెలుగు లిపి ఎంత దూరం? రెండూ అక్కచెల్లెళ్ళు. తలకట్టు తేడా, కొన్ని అక్షరాల వంపు తేడా. రోజుకు ఒక అరగంట కూర్చుంటే నెల రోజుల పని. తమిళ, ఒడియా, మరాఠీ బడుల పిల్లలకు మరికొంత కాలం పట్టవచ్చు, అంతే.

ఆ పిల్లవాడు ఇప్పుడు బడి వదిలిన తరువాత నా దగ్గర ఆగుతున్నాడు. తాను పాడిన పద్యాన్నే వాచకంగా పెట్టుకొన్నాము. చెవికి వచ్చినదానిని కంటికి చూపడమే కనుక పని సులువుగా సాగుతున్నది. మొన్న ఇంటికి వెళ్ళి ఆ పద్యాన్ని కాగితం మీద వ్రాసి అవ్వకు చూపాడట. ఆమెకు చదవడం రాదు. కాగితాన్ని చేతిలోకి తీసుకొని, వాడు వ్రేలు పెట్టి చూపిన ప్రతి మాటనూ పాడి వినిపించిందట.