మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు గారి యాత్మాన్వేషణము

న్యాయస్థానమున సాక్షి బోనెక్కినవాని నడుగు మొదటి ప్రశ్నము పేరేమనియే. తరువాత తండ్రి పేరు, వయస్సు, వృత్తి, నివాసము. ఈ యైదింటికి బదులు వచ్చినంతనే యాతడెవ్వడో తేలినట్లు వ్రాసికొందురు. వ్యవహారమునకు అంత చాలును. కాని యీ యుత్తరములలో నాతడు తానై యెరిగి సంపాదించినది మిక్కిలి స్వల్పము. పేరు పెద్దలు పెట్టినది. వంశము పుట్టుకతో వచ్చినది. ఆస్తి తాతతండ్రులు కూర్చినది. మతము సయితము ఉగ్గుపాలతో పోసినదే. వీనినన్నిటిని ఒక్కొక్కటిగ తీసివేసినచో మిగులువాడెవ్వడు? మన యుపనిషత్తులలోని ఋషులు వేసికొనిన ప్రశ్నమిదియే. దీనికి గ్రంథములలో నుత్తరము వెదకువారు పలువురు. తమ జీవితముతో నుత్తరమిచ్చినవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు గారొకరు. వారి చరిత్రమును సంగ్రహముగ నిచట వివరించుచున్నాము.

దేవేంద్రనాథులు 1817వ సంవత్సరము మే 15వ తేదీని కలకత్తా నగరమున జోడాసాంకో గృహమున జన్మించిరి. తండ్రి ద్వారకానాథ ఠాకూరు గారు గొప్ప జమీందారును వర్తకులును. వారి వైభవమును జూచి జనులు వారిని ప్రిన్సు అని పిలిచెడివారు. బాలుని పెంపకము చాలవరకు పితామహి యలకాసుందరీదేవి చేతులలో జరిగెను. ఆమె నిత్యము గంగాస్నానము చేసి, సాలగ్రామమునకు స్వహస్తములతో పూలదండలు కూర్చెడిది. బాలుడును బడికి పోవు త్రోవలో ఠంఠనియా కాళికాలయముకడ నిలిచి, పరీక్షలో గెలిపింపుమని మ్రొక్కుకొనెడివాడు. చదివినదిమాత్రము రామమోహనరాయలవారి పాఠశాలలోను, పిమ్మట హిందూ కళాశాలలోను. ఒకమారు దుర్గాపూజకు బిలుచుటకై యీ బాలుని రామమోహనులయొద్దకు బంపగా, వారు తమ్ము బిలుచుటేమని యాశ్చర్యపడి, తమ కుమారునికి జెప్పుమని పంపివేసిరి. ఆ యాశ్చర్యములోని యర్థము బాలునికి అనేక సంవత్సరములకుగాని బోధపడలేదు.

దేవేంద్రనాథులకు 18 ఏండ్ల ప్రాయమున పితామహికి అవసానకాలము సమీపించెను. అప్పుడు తండ్రి గారు అలహాబాదున నుండిరి. ఆ దేశపు టాచారముచొప్పున నామెను గంగాతీరమునకు గొనిపోయి, నిమతలా ఘట్టమున నొక పెంకుటింటియందుంచిరి. మూడు రాత్రులు ఆమె ప్రాణములతో నుండెను. కడపటి రాత్రి వెన్నెల కాయుచుండెను; చెంతనే శ్మశానము. ఆ యింటికి సమీపమున నొక ముతకచాపపై గూర్చుండి మనుమడు హరినామకీర్తనము వినుచుండగా, నకస్మాత్తుగ మనస్సు మారిపోయెను. ఆ చాపయే తనకు దగిన యాసనమనియు, ఇంటిలోని తివాచీలును భోగములును తనవి కావనియు తోచెను. సంపదపై విముఖత గలిగెను; దానితోడనే మున్నెన్నడు నెరుగని యానందము పుట్టెను. అంతవరకును విలాసములలో మునిగియుండిన ధనికపుత్రునికి, తాను ధనికపుత్రుడుమాత్రమే కాడని మొదటిమారు తెలిసినదప్పుడే.

కాని యా యానందము నిలువలేదు. మరల దానిని బొందవలెనని వెదకినకొలది విషాదమే పెరిగెను. తమ వస్తువులను కోరినవారికెల్ల పంచిపెట్టిరి, శాంతి లభింపలేదు. గంగకావలి యొడ్డుననున్న వృక్షోద్యానములో నొక సమాధిరాతిపై నొంటరిగ గూర్చుండెడివారు. మిట్టమధ్యాహ్నపు టెండ సయితము తమకు నల్లగ గనబడెడిదని పిమ్మట స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. సంస్కృతము నభ్యసించిరి, మహాభారతమును జదివిరి, ఐరోపా తత్త్వవేత్తల గ్రంథములను శోధించిరి. జడప్రకృతియే సర్వమని చెప్పు వాదములు వారిని భయపెట్టెనేగాని తృప్తిపరుపలేదు. ఆ చీకటిలో వారికొక చిన్న సత్యము దొరకెను. కన్ను రూపమును జూచునప్పుడు, చెవి శబ్దమును వినునప్పుడు, ఆ వస్తువు మాత్రమే తెలియుటలేదు. తెలిసికొనువాడ నొకడనున్నానని కూడ దానితోడనే తెలియుచున్నది. ఈ తెలిసికొనువాడు దేహము కాడు, ఆస్తి కాడు, వంశము కాడు. ఇంతటి జ్ఞానమయుడు జడమునుండి పుట్టియుండునా? ఇతనికి మూలమైన జ్ఞానస్వరూపుడొకడుండవలదా? ఇదియే వారి విచారణకు బునాది.

అట్టి దినములలో సంస్కృతగ్రంథములోని చినిగిన పుట యొకటి గాలికెగిరి తమ ముందునుండి పోవుచుండగా బట్టుకొనిరి. అర్థము తెలియలేదు. దానిని శ్యామాచరణ భట్టాచార్యుల చేతికిచ్చి, యూనియన్ బ్యాంకులో తమ పనికి బోయిరి. పినతండ్రి రమానాథ ఠాకూరు గారచ్చట కోశాధికారి. వారి చేతిక్రింద పని. ఆనాడు లెక్కలు ముగియువరకు నిలువ మనసొప్పక, సెలవు దీసికొని యింటికి వచ్చి చేరిరి. ఆ పుటను విప్పి చెప్పినవారు బ్రహ్మసభ పండితులైన రామచంద్ర విద్యావాగీశులు. అది యీశావాస్యోపనిషత్తు మొదటి పుట. జగమంతయు నీశ్వరునిచే నిండియున్నదనియు, పరధనమును గోరక యాతడిచ్చినదానితో తృప్తిజెందవలెననియు దాని భావము. తాము లోపల తడవుచు వెదకుచున్న మాటయే యెన్నడో యొక ఋషి నోట వెలువడియుండుట చూచి దేవేంద్రనాథులు పులకించిరి.

1839వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని పదిమందితో తత్త్వబోధినీ సభ నేర్పరచిరి. 1828లో రామమోహనరాయలవారు స్థాపించిన బ్రహ్మసమాజము, వారు 1833లో బ్రిస్టలు నగరమున గతించినపిమ్మట, విద్యావాగీశుల పట్టుదలచేత దీపము కొడిగట్టకుండ నిలిచియుండెను. 1842లో దేవేంద్రనాథులు దానియందు జేరి చూడగా, శూద్రులకు వినబడకుండ వేదమును వేరు గదిలో బఠించుచుండిరి. వేదికపైనుండి రామావతారమును వర్ణించుచుండిరి. ఈ రెంటిని మాన్పించిరి. 1843వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని మరి యిరువదిమందితో గూడి విద్యావాగీశులయెదుట బ్రాహ్మధర్మదీక్షను బొందిరి. సృష్టివస్తువును దైవముగ గొలువనని యప్పుడు ప్రతిజ్ఞ చేసిరి.

ప్రతిజ్ఞ చేయుట సులభము. దానికి వెల చెల్లింపవలసిన దినము మూడేండ్లలోనే వచ్చెను. 1846 ఆగష్టు 1వ తేదీని ద్వారకానాథులు లండను నగరమున మరణించిరి. జ్యేష్ఠపుత్రుడు సాలగ్రామము నెదుట నుంచుకొని శ్రాద్ధము చేయవలెను. నగరమునకెల్ల పెద్దయైన రాజా రాధాకాంతదేవు గారు శాస్త్రోక్తముగ జేయుమని హితవు చెప్పిరి, బంధువులు బ్రతిమాలిరి. తండ్రిపై భక్తి లేక కాదు, చేసిన ప్రతిజ్ఞను మీరలేక దేవేంద్రనాథులు సమ్మతింపలేదు. దినములు గడచుచుండగా నొకరాత్రి స్వప్నమున, ఏండ్లక్రిందట గతించిన తల్లి గనబడి, కుమారుడు బ్రహ్మజ్ఞాని యైనందుకు సంతసించినట్లు తోచెను. ఆ దినమున వారుపనిషన్మంత్రములతో దానము లర్పించి లేచిపోయిరి. సాలగ్రామముయెదుటి క్రియను తమ్ముడు గిరీంద్రనాథులు జరిపిరి. జ్ఞాతులు భోజనమునకు నిలువక వెడలిపోయిరి. ఇకమీద నిట్లు చేయనన్నచో మరల గలసికొందుమని కబురు వచ్చెను. అట్లు చెప్పగలిగినచో మొదట నింత దూరము వచ్చుటయే యక్కరలేదని వారి సమాధానము.

కులము దూరమైన కొలదికాలమునకే ధనమును దూరమయ్యెను. 1847వ సంవత్సరాంతమునకు తండ్రి స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీ కూలిపోయెను. ఋణము కోటి రూపాయలు, రావలసినది డెబ్బదిలక్షలు, ముప్పదిలక్షలు లోటు. ద్వారకానాథులు దూరదృష్టితో 1840లోనే కొన్ని జమీందారీలను ట్రస్టుదస్తావేజుద్వారా బిడ్డలపేర కట్టుదిట్టము చేసియుండిరి. ఋణదాతల సభలో కంపెనీ భాగస్వామియగు దొర లేచి, ట్రస్టు ఆస్తిని ఎవ్వరును ముట్టరాదని చట్టమును వివరించెను. అది నిజమే. న్యాయవాది యెవ్వడైనను, ఈ వ్రాయుచున్నవాడైనను, అంతకు మించిన సలహా యిచ్చియుండడు. కాని చట్టము తన్ను రక్షించుచున్నది గనుక ఋణము తనది కాకపోవునా యని దేవేంద్రనాథులు తమ్ముని నడిగిరి. అన్నదమ్ములిద్దరును ట్రస్టు జమీందారీలనుగూడ ఋణదాతల వశము చేయుదుమని ప్రకటించిరి. ఆ మాట విని ఋణదాతలలో గొందరు కంటనీరు పెట్టుకొనిరి. కుటుంబపోషణకై సంవత్సరమునకు 25,000 రూపాయలు విడిచి, ఆస్తిని తమ యజమాయిషీక్రింద నుంచుకొనిరి. 300 రూపాయల విందులు సాగిన యింట యజమాని భోజనమునకు నాలుగణాలు వ్యయమయ్యెను. గంగాతీరమున ముతకచాపపై నాడు తెలిసిన సంగతి యిప్పుడు జమాఖర్చులలో ఋజువయ్యెను. పిమ్మట ననేక సంవత్సరములకు అప్పు తీరెను. తండ్రి యొక ధర్మసంస్థకు వాగ్దానము చేసి చెల్లింపని లక్షరూపాయలను సయితము వడ్డీతో చెల్లించిరి.

ఇక మిగిలినది శాస్త్రప్రమాణము. వేదములు పౌరుషేయములు కావని తొలుత వారి నమ్మకము. నిజము తెలిసికొనుటకై నాలుగు వేదముల జదువ నలుగురు విద్యార్థులను కాశికి బంపిరి. 1847లో తామును బోయిరి. తత్త్వబోధినీ పత్రికాసంపాదకులైన అక్షయకుమార దత్తు గారు వేదము తప్పులేనిదను మాటపై వాదించుచునేయుండిరి. పరీక్షించినకొలది వేదములలో తమ హృదయమొప్పనిది చాల గనబడెను. ఉపనిషత్తులలో సయితము, ఉపాసకుడును ఉపాస్యుడును ఒక్కటేయను వాక్యములను వారంగీకరింపలేకపోయిరి. తమ కంత ప్రియమైన గ్రంథమును ప్రమాణస్థానమునుండి దింపుట, ఆస్తిని విడుచుటకంటె గష్టము. అయినను దింపిరి. ఆత్మప్రత్యయముచే సిద్ధించి, జ్ఞానముచే వెలుగొందు విశుద్ధహృదయమే బ్రాహ్మధర్మమునకు పీఠమని నిశ్చయించిరి. హృదయమొప్పిన యుపనిషద్వాక్యములను 1848లో చెప్పుచుండగా అక్షయకుమారులు వ్రాసికొనిరి, మూడుగంటలలో ముగిసెను. అదియే బ్రాహ్మధర్మగ్రంథము.

1856 అక్టోబరున వారు గృహము విడిచి పడమటికి బోయి, మరుసటియేట సిమ్లా చేరిరి. సిపాయిల కలహము చెలరేగిన కాలమది. హిమాలయములలో నొంటిగ ధ్యానము చేయుచు, ఇక మరలిపోనక్కరలేదని తలచిరి. ఒకనాడు కొండలనుండి దుముకుచున్న యొక నదిని జూచిరి. ఎంతో స్వచ్ఛమైన యా నీరు పైననే నిలువక, బురదయగునని తెలిసియు పల్లమునకు దిగి పొలములను దడుపుచున్నది. తామును దిగవలెనని యంతరాత్మ యానతిచ్చినట్లు తోచెను. 1858 నవంబరున కలకత్తా చేరిరి. తమ స్వీయచరిత్రమును 41వ యేట, ఈ మరలిరాకతోనే ముగించిరి. తన్ను దెలిసికొనుట గుహలో ముగియు కార్యము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మహర్షిని స్తుతించుటలో సత్యమును దాచరాదు. 1861లో కుమార్తె వివాహమును విగ్రహారాధన లేకుండ జరిపినవారే, జాతిభేదవిషయమున నంత దూరము పోలేదు. యజ్ఞోపవీతధారులు వేదిక నెక్కరాదని కేశవచంద్రసేనులు పట్టుబట్టగా నొడబడలేదు. 1866లో సమాజము రెండుగ జీలెను. 1873లో తమ కుమారుడు రవీంద్రునికి ఉపనయనమును జేసిరి. విగ్రహమును, ధనమును, శాస్త్రమును విడిచిన చేతికి జందెపుపోగు విడుచుట కష్టమయ్యెను. దీనివలన వారి గొప్పతనము తగ్గదు. ఎంతటి యన్వేషకునికైనను ఎరువుసొమ్ము తనదిగ దోచు చోటొకటి మిగులునని మాత్రము తెలియును. ఆ చోటును విడిపించు పని తరువాతి తరమువారిది.

1863 ప్రాంతమున వీరభూమి మండలములో నిరువది బిఘాల భూమిని దీసికొని, శాంతినికేతనమను ధ్యానాశ్రమమును స్థాపించిరి. 1888 నాటి ట్రస్టుదస్తావేజులో నచ్చట విగ్రహపూజ కూడదనుటతో నిలువక, ఏ మతమువారి పూజ్యవస్తువును నిందింపగూడదని కూడ వ్రాయించిరి. తన్ను తానెరిగినవానికి పరనింద యక్కరలేదు. 1905 జనవరి 19వ తేదీని జోడాసాంకో గృహమున, 88వ యేట వారు శాంతించిరి. వారు వెలిగించిన దీపపు వెలుగు మన దక్షిణదేశమునకును సోకినది. కేశవచంద్రుని రాకచే 1864లో మదరాసున వేదసమాజము పుట్టెను. 1878లో వీరేశలింగము పంతులు గారు రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజము నెలకొల్పిరి.

పాఠకమహాశయులారా! సభలో నేకేశ్వరోపాసనమును మెచ్చి, ఇంటికి బోగానే యల్లునికి కట్నము లెక్కించువారు మనలో లేరా? పత్రికలో జాతిభేదమును ఖండించి, భోజనమునకు వేరు బంతి వేయించువారు లేరా? అట్టివానికి ఆత్మవిచారము మాటలలోనిదే. తన్ను దానెరుగుట కన్నులు మూసికొని కూర్చున్నంత మాత్రమున సిద్ధించునది కాదని మహర్షి జీవితము చూపుచున్నది. వారికి తమ నిజస్వరూపము పితృశ్రాద్ధమున గొంత, ఋణదాతల సభలో గొంత, ప్రియమైన గ్రంథమును మూసిన గడియలో గొంత తెలిసెను. ప్రతిమారును ఏదో యొకటి చేజారెను. చేజారినది తనది కాదని తెలిసెను. మనకును రేపో మాపో మన యింటనే వివాహమో, శ్రాద్ధమో, పంపకమో తటస్థించును. అప్పుడు పెద్దలమాటనియు, లోకముకొరకనియు, చట్టమొప్పుననియు తప్పించుకొనక, నా హృదయమొప్పునా యని యొక్క ప్రశ్నము వేసికొందము గాక. దానికి వచ్చు నుత్తరముచొప్పున నడచినప్పుడే మనమెవ్వరమో మనకు తెలియును.