అక్క మెదడుకు ఆపరేషన్ చేసిన తమ్ముడు.. 15 నెలల తర్వాత వంటింట్లో ఏం చూశాడంటే?

సొంత అక్క తలలో ట్యూమర్. ఆపరేషన్ చేయాల్సింది తమ్ముడే! సినిమా సీన్ కాదిది. ప్రపంచ ప్రసిద్ధ న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ జీవితంలో నిజంగా జరిగింది.

1891లో అమెరికాలోని స్పోకేన్‌లో పుట్టిన పెన్‌ఫీల్డ్.. 1928లో కెనడాలోని మాంట్రియల్ వెళ్లి సర్జన్‌గా చేరారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన ముందుకొచ్చిన పేషెంట్ సొంత అక్క. ఆరుగురు పిల్లల తల్లి. ట్యూమర్ ఉన్నది కుడి ఫ్రంటల్ లోబ్‌లో.. అంటే నుదుటి వెనక ఉండే భాగంలో. ప్రాణం కాపాడాలంటే ఆ భాగాన్ని చాలావరకు తీసేయక తప్పలేదు.

అక్క బతికింది. మాట పోలేదు. జ్ఞాపకశక్తి బాగానే ఉంది. చూసినవాళ్లెవరికీ తేడా తెలియలేదు.

15 నెలల తర్వాత తమ్ముడిని భోజనానికి పిలిచింది. ఇష్టంగా వంట మొదలుపెట్టింది. రోజంతా టైం ఉంది. తీరా పెన్‌ఫీల్డ్ వెళ్లేసరికి.. సరుకులన్నీ అక్కడే ఉన్నాయి. ఒకటి రెండు పొయ్యి మీదున్నాయి. సలాడ్ రెడీ కాలేదు, మాంసం వండటం మొదలే పెట్టలేదు. ఆమె అయోమయంలో పడిపోయింది. పక్కన మనిషి సాయం ఉంటే మాత్రం వంట అయిపోయింది!

అంటే పోయింది వంట కాదు. ఏది ముందు, ఏది తర్వాత అని ప్లాన్ చేసుకునే శక్తి. ఫ్రంటల్ లోబ్ చేసే ముఖ్యమైన పనుల్లో అదొకటి. ఆ తర్వాత ట్యూమర్ మళ్లీ పెరిగి, కొన్నేళ్లకే ఆమె కన్నుమూసింది. 1935లో పెన్‌ఫీల్డ్ ఈ కేసును మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఫిట్స్ పేషెంట్లను మెలకువగా ఉంచి ఆపరేషన్ చేయడంలో ఆయనకు గొప్ప పేరొచ్చింది. మెదడుకు నొప్పి తెలియదు. పైన చర్మానికి మత్తిచ్చి, మెదడును కొద్దిపాటి కరెంట్‌తో తాకేవారు. మాట ఆగిన చోటును గుర్తుపెట్టుకుని కత్తికి దూరంగా ఉంచేవారు. 1976లో ఆయన చనిపోయినా పద్ధతి ఆగలేదు. 2020లో గుంటూరులో ఓ యువకుడికి బిగ్ బాస్ చూపిస్తూ ట్యూమర్ తీసింది ఇలాంటి పద్ధతిలోనే.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సర్జరీ జరిగిందా? బాగానే మాట్లాడుతున్నారు కదా, పని ఎందుకు చేయలేరని కోప్పడకండి. అది బద్ధకం కాకపోవచ్చు. పనిని చిన్న ముక్కలు చేసి చెప్పండి, పక్కనుండండి. తేడా కనిపిస్తే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.