చదరంగ వీరుడు సుల్తాన్ ఖాన్

శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరము ననుసరించి ఉద్దానమను ప్రదేశము కలదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో అది చూపరులకు కన్నుల పండువు చేయుచుండును. దానికి చేరువనే పలాస, టెక్కలి పట్టణములు కలవు. ఆ ప్రాంతపు బాలు డొకడు తన తాతగారి వద్ద చదరంగము నేర్చె ననుకొందము. ఊరిలో వానిని గెలువగలవారు లేరు. ఒకనాడు వాడు పలాసలో రైలెక్కి, విశాఖపట్టణములో జరుగు పోటీకి వెళ్లెను. అచటి బాలురు ప్రక్కన గడియార ముంచుకొని, ప్రతి ఎత్తును కాగితముపై వ్రాసికొనుచు ఆడుచున్నారు. వారి తొలి ఎత్తులే మనవానికి క్రొత్తగా తోచెను. ఆడిన ఆటలన్నియు ఓడి, వాడు తల వంచుకొని ఇల్లు చేరెను. ఇక వాడు చదరంగపు పలకను అటుక మీద పెట్టివేయవలెనా? లేక మొదటినుండి మరల నేర్వవలెనా? ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే సమాధానము చెప్పిన మహనీయు డొకడు కలడు. ఆయనయే సుల్తాన్ ఖాన్.

సుల్తాన్ ఖాన్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో పంజాబు దేశమందలి మిఠా టివానా అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామ మిపుడు పాకిస్థానములో నున్నది. ఆయన తండ్రి నిజాముద్దీను చదరంగమునందు ఆసక్తి కలవాడు. తొమ్మిదేండ్ల వయస్సున సుల్తాన్ ఖాన్ తండ్రి యొద్దనే ఆట నేర్చుకొనెను. ఇరువదియొక్క యేడు నిండునప్పటికి పంజాబులో ఆయనకు సరిజోడు లేడని పేరు వచ్చెను.

అయితే ఆయన నేర్చినది మన దేశపు పాత పద్ధతి ఆట. ప్రాంతమునకొక తీరున భేదములున్నను, ఆ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు పోరాదు. ఒక్కొక్క గడియే నడువవలెను. చివరి వరుసకు చేరిన బంటు ఏ గడిలో నిలిచెనో, ఆ గడికి చెందిన బలముగనే మారవలెను. రాజునకు ఆట మొత్తములో ఒక్కసారి గుఱ్ఱమువలె దుముకు హక్కుండెను. ఐరోపా పద్ధతిలో రాజును ఏనుగు చాటున చేర్చి కోట కట్టు విధానము వేరు. ఈ భేదముల వలన మన ఆట నిదానముగా సాగెడిది. ఐరోపా ఆటలో మొదటి పది ఎత్తులలోనే బలములు ఎదురుపడి పోరు ముదిరెడిది. ఆ తొలి ఎత్తులను గూర్చి ఐరోపావారు గ్రంథములకు గ్రంథములే వ్రాసియుండిరి. ఆ గ్రంథములతో సుల్తాన్ ఖానునకు పరిచయము లేదు.

ఆ రోజులలో సర్ ఉమర్ హయాత్ ఖాన్ అను గొప్ప భూస్వామి ఆ ప్రాంతమున నుండెను. ఆయన చదరంగప్రియుడు. సుల్తాన్ ఖాను ప్రతిభను గుర్తించి, ఆయనను తన యాశ్రయమున నుంచుకొని, ఐరోపా పద్ధతి ఆటను నేర్పించెను. 1928వ సంవత్సరమున జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలాడి, ఎనిమిదింట గెలిచి, ఒక్కదానిని సమము చేసి, విజేతగా నిలిచెను. ఆయన ఓడిన ఆట యొక్కటియు లేదు.

మరుసటి యేడు సర్ ఉమర్ ఆయనను లండను నగరమునకు తీసికొనిపోయెను. ఆయనకు అభ్యాసము కలుగుటకై అచట ఒక చిన్న పోటీ నేర్పాటు చేసిరి. ఫలితమేమి? తన దేశమున ఓటమి యెరుగక వచ్చిన ఆ వీరుడు, మరియొకనితో కలిసి చిట్టచివరి స్థానమున నిలిచెను. ఐరోపా ఆటగాండ్ర తొలి ఎత్తుల మర్మము ఆయనకు తెలియకపోవుటయే దీనికి ముఖ్యకారణము. స్వదేశమునకు వేలమైళ్ల దూరమున, పరభాషల నడుమ, తన్ను నమ్మి తీసికొనివచ్చినవాని కన్నుల యెదుట కలిగిన ఆ పరాభవము ఎంతటి ధైర్యవంతునైనను క్రుంగదీయగలదు.

సుల్తాన్ ఖాన్ క్రుంగలేదు. తన ఓటమికి వాతావరణమును గాని, అదృష్టమును గాని నిందింపలేదు. అదే పోటీలో తనకంటె పైస్థానములలో నిలిచిన వింటర్, యేట్స్ అను ఇరువురు ఆంగ్లేయులతో కూర్చుండి అభ్యాసమునకు పూనుకొనెను. ఓడించిన వారినే గురువులుగా గ్రహించుట సామాన్యులకు సాధ్యమగు పని కాదు. అందుకు గర్వమును విడువవలెను. పంజాబులో తనకు మించినవాడు లేడన్న సంగతిని ప్రక్కకు నెట్టి, ఆయన మరల ప్రథమపాఠము చదువు విద్యార్థి యయ్యెను. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్ పట్టణమున బ్రిటిషు ఛాంపియన్‌షిప్ పోటీ జరిగెను. కొలది మాసముల క్రిందట చివరివాడుగా నిలిచిన సుల్తాన్ ఖాన్, ఎల్లరును విస్మయమందగా, ఆ పోటీలో ప్రథముడుగా నిలిచెను.

అటుపిమ్మట ఆయన స్వదేశమునకు వచ్చి, 1930లో మరల ఐరోపాకు వెళ్లెను. ఇంగ్లండు జట్టు పక్షమున మొదటి బల్లపై కూర్చుండి హాంబర్గు, ప్రాగు, ఫోక్‌స్టన్ నగరములలో జరిగిన ప్రపంచ జట్ల పోటీలలో ఆడెను. 1931లో ప్రాగు నగరమున ఫ్లోర్‌ను, రూబిన్‌స్టయిన్‌ను ఓడించి, నాటి ప్రపంచ విజేతయైన అలెఖైన్‌తో ఆటను సమము చేసెను. 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియన్‌షిప్ మరల ఆయననే వరించెను. ఆ 1933లోనే బ్రిటిషు మహిళల ఛాంపియన్‌షిప్ గెలుచుకొన్న ఫాతిమా అను యువతియు సర్ ఉమర్ పరివారమునకు చెందినదే యగుట విశేషము.

ఆయన విజయములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకాపై సాధించినది. కాపాబ్లాంకా క్యూబా దేశస్థుడు. 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేత. ఓడుట యన్నది మిక్కిలి యరుదైన ఆటగాడు. ఆ ఆటలో సుల్తాన్ ఖాన్ తొందరపడి దాడి చేయలేదు. తన బలములను ఒకదాని కొకటి తోడుగా నిలిపి, ఎదిరికి కదలుటకు చోటు తగ్గించుచు పోయెను. అరువదియైదు ఎత్తుల పిమ్మట కాపాబ్లాంకా ఓటమి నంగీకరింపవలసి వచ్చెను. తొలి ఎత్తులలో ఆయన ఎన్నడును మిగుల గట్టివాడు కాడు. కాని ఆట నడుమ భాగమునను, బలములు తగ్గిన అంత్యభాగమునను ఆయన ఓర్పు, సూక్ష్మదృష్టి ప్రత్యర్థులను ఆశ్చర్యపరచెడివి. చిన్ననాడు నేర్చిన నిదానపు ఆట ఆయనకు ఈ విధముగా అక్కరకు వచ్చెను. పాతదానిని విడువక, క్రొత్తదానిని వెలివేయక, రెంటిని కలుపుకొనుటయే ఆయన అభివృద్ధికి మూలము.

ఈ విజయములు సుఖముగా లభించినవి కావు. ఇంగ్లండు చలి ఆయన శరీరమునకు పడలేదు. మలేరియా, జలుబు, గొంతు నొప్పి ఆయనను తరచు బాధించెడివి. మెడకు గుడ్డ చుట్టుకొని వచ్చి ఆటకు కూర్చుండిన దినము లనేకములు.

1933వ సంవత్సరాంతమున సర్ ఉమర్ స్వదేశమునకు మరలగా, సుల్తాన్ ఖానును ఆయన వెంట మరలెను. 1935లో ఖాడిల్కర్ అను ఆటగానితో పది ఆటల పందెము జరుగగా, తొమ్మిది గెలిచి ఒకటి సమము చేసెను. ఆ తరువాత గొప్ప పోటీలలో ఆయన పేరు వినబడలేదు. తన ఖర్చుతో పోటీలకు పోవుటకు ఆయనకు స్తోమతు లేదు. పంపించు సంస్థయు లేదు. ప్రపంచమున మొదటి పదిమందిలో నొకడని ఎన్నదగిన వాడు, ముప్పది యేండ్ల వయస్సుననే పోటీలకు దూరమై, సర్గోధా ప్రాంతమున పొలము చూచుకొనుచు జీవించెను. 1955వ సంవత్సరమున మన ఏలూరులో ప్రథమ భారత జాతీయ చదరంగపు పోటీ జరిగి, ఆంధ్రుడైన డి. వెంకయ్య, రామచంద్ర సాప్రే సమాన విజేతలైరి. ఆనాటికి సుల్తాన్ ఖాన్ సరిహద్దు కావలి దేశమున సామాన్య కర్షకుడుగా నుండెను. 1966 ఏప్రిలు 25వ తేదీన క్షయవ్యాధితో ఆయన పరమపదించెను.

1950లో అంతర్జాతీయ చదరంగ సంఘము తొలిసారిగా గ్రాండ్‌మాస్టరు బిరుదుల నొసగినపుడు, ఆట మానిన పెద్దలకును వానిని ప్రసాదించెను. ప్రాగులో సుల్తాన్ ఖాను చేతిలో ఓడిన రూబిన్‌స్టయిన్‌కు ఆ బిరుదు లభించెను. సుల్తాన్ ఖాను పేరు మాత్రము ఆ పట్టికలో లేదు. ఆ లోపము తీరుటకు డెబ్బదినాలుగు సంవత్సరములు పట్టెను. 2024 ఫిబ్రవరిలో ఆ సంఘమే ఆయనకు మరణానంతర గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదు నొసగెను.

నేడు ప్రతి ఆటగాని బలమును ఒక అంకెతో కొలుచుచున్నారు. దానిని రేటింగు అందురు. అమెరికాలో భౌతికశాస్త్రాచార్యుడుగా నుండిన ఆర్పాడ్ ఈలో ఈ పద్ధతిని రూపొందింపగా, అంతర్జాతీయ సంఘము 1970లో దానిని స్వీకరించెను. అనగా సుల్తాన్ ఖాన్ గతించిన నాలుగేండ్లకు. మనకంటె ఎక్కువ అంకె గలవానిని గెలిచినచో మన రేటింగు ఎక్కువగా పెరుగును; తక్కువ అంకె గలవానిని గెలిచినచో కొలదిగనే పెరుగును. బలహీనుని చేతిలో ఓడినచో ఎక్కువగా తరుగును. కావున ఊరిలోని తనకంటె చిన్నవారినే నిత్యము గెలుచుచుండువానికి అంకెయు పెరుగదు, విద్యయు పెరుగదు. గట్టివారితో ఆడవలెను, ఓడిన ఆటను మరల పరిశీలింపవలెను, ఎచట తప్పితిమో కనుగొని, ఆ తప్పు మరల రాకుండ చూచుకొనవలెను. రేటింగను అంకె నెరుగకయే సుల్తాన్ ఖాన్ 1929లో చేసిన పని యిదియే.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు, ఉద్దానములోని కొబ్బరిచెట్లు వేలకు వేలు నేలకొరిగెను. కొబ్బరిమొక్క నాటినంతనే కాపునకు రాదు, ఏండ్లు కాచుకొనవలెను. అయినను రైతులు పడిన మ్రానులను తొలగించి, ఆ నేలయందే మరల మొక్కలు నాటుకొనిరి. ఓటమి తరువాత చేయదగిన పని యేమో వారికి ఎవరును చెప్పనక్కరలేదు.

మన కథలోని ఉద్దానపు బాలుడును వారి బిడ్డయే. వాడు పలకను అటుక మీద పెట్టలేదని తలంతము. విశాఖపట్టణములో తాను వ్రాసికొన్న కాగితములను తాతగారి ముందు పరచి, ఓడిన మొదటి ఆటను తొలి ఎత్తునుండి మరల పేర్చుచున్నాడని తలంతము. సుల్తాన్ ఖాన్ నడచిన మార్గమున వాడు మొదటి యడుగు వేసినట్లే.