ఉపకార వేతన విద్యార్థి డాక్టర్ అంబేద్కర్

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా పరచుకొన్న కోనసీమ 2022 ఏప్రిల్ 4న తూర్పుగోదావరి నుండి విడివడి, అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. ఆ సంవత్సరమే ఆ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరింది. ఆ పేరు విషయమై మే 24న అమలాపురంలో ఎంతటి అలజడి చెలరేగినదీ, ఎవరి ఇండ్లు తగులబడినదీ పాఠకులకు విదితమే. దానిని ఇక్కడ విస్తరింపబోము. రాజోలు, కొత్తపేట, అమలాపురం ప్రాంతాల విద్యార్థి నేడు ఏ దరఖాస్తు నింపినా జిల్లా అన్న గడిలో ఆ పేరు వ్రాస్తున్నాడు. ఉపకార వేతనం కోసం పెట్టుకొనే దరఖాస్తులోనూ అదే పేరు. ఈ రెండింటికీ గల సంబంధం ఎంత దగ్గరిదో మన విద్యార్థులలో చాలమందికి తెలియదని మా అనుభవం.

రాజ్యాంగ నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. ఎం.ఏ. చదవడానికి, పరిశోధన చేయడానికి డబ్బు ఎక్కడ పుట్టునా అని దిక్కులు చూసిన విద్యార్థిగా ఆయనను ఎరిగినవారు తక్కువ. పట్టభద్రులు కాగానే మా వద్దకు వచ్చి పైచదువుకు దారి అడిగేవారిని తలచుకొని, ఆయన జీవితంలోని ఆ భాగాన్నే ఇక్కడ ప్రధానంగా చెప్పదలచినాము.

భీమరావు 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లోని మౌ దండులో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. పింఛను పుచ్చుకొన్న పిమ్మట ఆ పెద్ద కుటుంబం బొంబాయిలో పరేలు ప్రాంతపు కార్మికవాడలో ఒక్క గదిలో తలదాచుకొన్నది. బడిలో సంస్కృతం చదువగోరిన ఆ బాలునికి అస్పృశ్యుడన్న కారణాన ఆ తలుపు తెరుచుకోలేదు. అందుచేత ద్వితీయ భాషగా ఫారసీ తీసుకొన్నారు. కళాశాలలోనూ ఫారసీ ఆయన వెంట ఉన్నది. ఉర్దూ, ఫారసీ పలుకులు వినిపించే మన ప్రాంగణంలో ఈ సంగతి చెప్పుకోదగినది.

1907లో మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. 750 మార్కులకు 282 వచ్చినవి. నేటి లెక్కలో ఈ మార్కులకు ఏ ఉపకార వేతనమూ రాదని మన విద్యార్థులు నవ్వవచ్చు. కాని ఆ కులంలో ఆ పరీక్ష గట్టెక్కడమే అపూర్వమై, అభినందన సభ జరిగింది. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను వ్రాసిన బుద్ధ చరిత్రను ఆయనకు బహూకరించారు. అంతటితో ఊరుకోలేదు. ఇంటర్ పూర్తయిన తరువాత రాంజీ చేతిలో డబ్బు అయిపోయి చదువు నిలిచిపోనున్న తరుణాన, ఆ కుర్రవానిని వెంటబెట్టుకొని బరోడా మహారాజు మూడవ సాయాజీరావు గాయక్వాడు దర్శనానికి పోయినవారు ఆయనే. మహారాజు కొన్ని ప్రశ్నలు వేసి, జవాబులకు తృప్తిపడి, నెలకు 25 రూపాయలు మంజూరు చేశారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ముల్లర్ అనే ఆచార్యుడు పుస్తకాలు ఎరువిచ్చి, దుస్తులు కూడా ఇచ్చి ఆదుకొన్నారు. అట్లు 1912లో బి.ఏ. పరీక్ష ముగిసింది.

వేతనం ఇచ్చిన సంస్థానానికి కొలువు చేయడానికి 1913 జనవరిలో బరోడా చేరినారు. పక్షం తిరుగకుండానే తండ్రికి జబ్బు ముదిరినదని తంతి వచ్చింది. ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశారు. ఇంటిల్లిపాది భారం మీద పడిన ఆ సమయంలోనే, కొందరు విద్యార్థులను అమెరికా పంపాలన్న మహారాజు సంకల్పం తెలిసి, ఆయన దరఖాస్తు చేసుకొన్నారు. జూన్ 4న ఒప్పంద పత్రం మీద సంతకమైంది. దాని ప్రకారం మూడేండ్లపాటు నెలకు పదకొండున్నర పౌన్ల వేతనం. నిర్ణయించిన విషయాలే చదవాలి. తిరిగి వచ్చి పదేండ్లు బరోడాకు సేవ చేయాలి. ఉపకార వేతనమన్న మాటలో ఉపకారమే కనిపిస్తుంది గాని, ఆ కాగితంలో అప్పు పత్రం లక్షణాలన్నీ ఉన్నవి. విదేశీ ఉపకార వేతనాలకు ఉవ్విళ్ళూరే మన యువకులు షరతుల పుట కూడా చదవడం అలవరచుకొంటే మంచిది.

జూలైలో న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. లివింగ్‌స్టన్ హాలు వసతి గృహంలో నవల్ భథేనా అనే పారసీ యువకుడు ఆయనకు గదిలో తోడయ్యాడు. ఈ స్నేహం ఎట్లు ఫలించినదో ముందు చెప్పబోతున్నాము. మొదటి కొద్ది వారాలు కొత్త ఊరి సరదాలలో గడిచినా, తరువాత ఆయన పుస్తకాలకు అంటిపెట్టుకొనిపోయారు. అర్థశాస్త్రం, చరిత్ర, సమాజ శాస్త్రం, తత్త్వశాస్త్రం, మానవ శాస్త్రం ఇట్లు ఆయన విన్న పాఠ్యక్రమాల సంఖ్య యాభై దాటింది. అందులో 29 అర్థశాస్త్రంలోనే. సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటి మహా పండితుల వద్ద కూర్చునే భాగ్యం దక్కింది. వచ్చే పదకొండున్నర పౌన్లలో కొంత ఇంటికి పంపి, భోజనంలో తగ్గించుకొని, మిగిలినది పాత పుస్తకాల అంగళ్ళలో వెచ్చించేవారు. అట్లు కూడిన గ్రంథాలు సుమారు 2000. 1915లో ఎం.ఏ. వచ్చింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ ఆచార్యుని గోష్ఠిలో భారతదేశంలోని కులాలను గూర్చి వ్యాసం చదివారు. ఇరవై అయిదేండ్ల విద్యార్థి చదివిన ఆ వ్యాసాన్ని నేటికీ పండితులు పట్టించుకొంటున్నారు.

1916లో లండన్ పోయి ఒకవైపు గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రానికి, మరొకవైపు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధనకు పేరు నమోదు చేయించుకొన్నారు. అప్పటికే వేతనం గడువు తీరింది. చదువు తీరలేదు. పరిశోధకులందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. డబ్బిచ్చేవారి పంచాంగం వేరు, గ్రంథాలయంలో పని సాగే పంచాంగం వేరు. నాలుగేండ్లలోగా మరల వచ్చి చేరవచ్చునని విశ్వవిద్యాలయం నుండి అనుమతి పొంది, 1917 ఆగస్టులో స్వదేశం చేరుకొన్నారు. మహాయుద్ధ కాలమది. ఆయన పుస్తకాలు వస్తున్న ఓడను శత్రువులు ముంచివేశారు. సామానుకు నష్టపరిహారంగా వచ్చిన కొద్ది సొమ్ముతోనే ఒప్పందం చెల్లించడానికి బరోడాకు ప్రయాణమయ్యారు.

బరోడాలో మహారాజు వద్ద సైనిక కార్యదర్శి పదవి. బండిలోంచి దిగినవానికి తలదాచుకొనే చోటు మాత్రం లేదు. పారసీల సత్రంలో మారుపేరుతో దిగితే, పదకొండవనాడు గుట్టు తెలిసి, కర్రలు చేపట్టిన గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నది. ఇద్దరు మిత్రుల ఇండ్లకు పోయినా స్థానం దొరకలేదు. కచేరీలో నౌకర్లు కాగితాలను దూరాన్నుండి బల్లమీదికి విసిరేవారు. కొలంబియా ఎం.ఏ. పట్టా గల ఆ ఉద్యోగి ఊరి తోటలో అయిదు గంటలు కూర్చుండి, రాత్రి బండికి బొంబాయి తిరిగిపోయారు. పదేండ్ల సేవ పదకొండు రోజుల్లో ముగిసింది. మహారాజు ఉదారుడే; కాని ఖజానా నుండి వేతనం ఇప్పించగలిగిన ప్రభువు తన రాజధానిలో ఒక అద్దె గది ఇప్పించలేకపోయాడు. సాయాజీరావును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రభువు దయ ఎంత వరకు పోగలదో దీనివల్ల తెలుస్తున్నది.

లండన్ అనుమతికి గడువు తరుగుతూ ఉన్నది. ఇంట్లో రమాబాయి, పిల్లలు, అన్నగారి కుటుంబం. 1918 నవంబరులో సిడెన్‌హాం కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్య పదవి లభించింది. జీతం 450 రూపాయలు. ఒకే కుండలోని నీరు త్రాగరాదని సహోద్యోగులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆయన నోరు మెదపక జీతంలో మిగిలించగలిగినదంతా మిగిలించారు. 1920 మార్చిలో పదవి వదలినారు. చేతిలోని మిగులుకు కొల్హాపూరు ఛత్రపతి షాహూ మహారాజు 1500 రూపాయలు కలిపారు. కొలంబియా గదిలోని మిత్రుడు నవల్ భథేనా 5000 అప్పుగా ఇచ్చాడు. బరోడా సత్రంలో కర్రలెత్తినవారూ పారసీలే, ఈ అప్పు ఇచ్చినవాడూ పారసీయే. ఒక జాతిని గూర్చి తేలికగా తీర్పు చెప్పేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూడాలి.

జూలైలో మరల లండన్ చేరినారు. ఈ మారు వెనుక సంస్థానం లేదు. ఉదయం బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం తెరవగానే లోపలికి పోయినవారు మూసేవేళకు గాని వెలుపలికి రారు. మధ్యాహ్న భోజనం లేదు. రాత్రి ఆకలి మండితే ఎవరో ఇచ్చిన అప్పడాలు కాల్చుకొని తినడం. బండి ఖర్చు మిగలడానికి నడక. ఈ కష్టాన్ని వర్ణించి మురిసిపోవడం మాకు రుచింపదు. అన్నం తినని పరిశోధకుడు మెరుగైన పరిశోధకుడు కాడు. ఆయనకు కావలసినది మరి నూరో రెండునూర్లో పౌన్లు, అంతే. 1921లో ఎం.ఎస్‌సి., 1922లో బారిష్టరు పట్టం వచ్చినవి. రూపాయి సమస్యపై వ్రాసిన పరిశోధన గ్రంథాన్ని మార్చవలసినదిగా 1923 మార్చిలో పరీక్షకులు కోరారు. చేతిలో చిల్లర లేక ఏప్రిల్‌లో బొంబాయి వచ్చి, అక్కడినుండే సవరించి పంపారు. ఆ యేడాది చివర డి.ఎస్‌సి. లభించి, పుస్తకం ఎడ్విన్ కానన్ ఆచార్యుని పీఠికతో ప్రచురితమైంది. కొలంబియాలో మొదలుపెట్టిన పరిశోధనకు పిహెచ్.డి. పట్టా 1927లో గాని చేతికి రాలేదు. బి.ఏ. పరీక్ష నుండి లెక్కిస్తే పదిహేనేండ్లు.

ఆ తరువాతి మహద్ చెరువు, గుండ్రబల్ల సమావేశాలు, పూనా ఒడంబడిక చరిత్ర గ్రంథాలలో ఉన్నవే. మా విషయానికి ముఖ్యమైనది 1942. ఆ జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు. అక్టోబరులో వైస్రాయి లిన్లిత్‌గోకు షెడ్యూల్డు కులాల ఇబ్బందులపై వినతి పత్రం సమర్పించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెరి మూడు లక్షల రూపాయలు ఏటా ఇస్తున్న ప్రభుత్వం, ఈ రెండు విద్యాపీఠాలకూ దూరంగా ఉన్న తన వారి పైచదువుకు ఏమి ఇస్తున్నదన్నది ఆయన ప్రశ్న. అలీగఢ్‌కు ఇచ్చేది తగ్గించమని ఆయన అడుగలేదు. తమ వంతు అడిగారు, అదీ శాస్త్ర, సాంకేతిక విద్యలకూ విదేశీ విద్యకూ ప్రాముఖ్యమిచ్చి. మూడు లక్షలు మంజూరైనవి. 1944లో మెట్రిక్ అనంతర ఉపకార వేతనాల పథకం ఆరంభమైంది. కొందరు విద్యార్థులు ప్రభుత్వ ఖర్చుతో సముద్రం దాటారు. స్వతంత్ర భారతంలో 1954-55 నుండి జాతీయ విదేశీ విద్యా వేతనాలు మొదలైనవి. కేలూస్కర్ వంటి పెద్దమనిషి వెంట ఉండి రాజు గుమ్మం దాకా నడిపిస్తే గాని దొరకని వస్తువు, దరఖాస్తు ఫారం నింపిన పేద విద్యార్థి అడిగి పుచ్చుకొనే వస్తువు అయింది. డాక్టర్ అంబేద్కర్ చేసిన పనులలో దీనికి దక్కవలసినంత పేరు దక్కలేదని మా అభిప్రాయం.

ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను, 1950లో నాటి హైదరాబాదు రాష్ట్రంలోని ఔరంగాబాదులో మరొక కళాశాలను తెరిచింది. 1952 జూన్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవ పట్టాకు పిలిస్తే న్యూయార్కు వెళ్ళి వచ్చారు. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం డి.లిట్. ఇచ్చి సత్కరించింది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు.

అడిగి పుచ్చుకొనే వస్తువు సైతం నిలకడైనది కాదని మన విద్యార్థులు ఇటీవలే చూశారు. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2022-23 నుండి కొత్తవారికి నిలిచిపోయింది. ఇతర పథకాలలోనూ వీరికి చోటున్నదని, అందువల్ల ఇది వేరుగా అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో కారణం చెప్పింది. దానిపై మరల వినతి పత్రాలు వ్రాయవలసినవారు మన కళాశాలల్లోనే ఉన్నారు. 1942 నాటి పత్రం అచ్చులో దొరుకుతుంది. ఏ పద్దుకు ఎంత, ఎందుకు అన్నది అంకెలతో అడిగిన పత్రమది. అర్థశాస్త్ర విద్యార్థులు ముందుగా దానిని చదవాలని మా కోరిక.