నిజాం రేడియోల మన పాట యాడుండె?

పోయిన నెల మా నాయినమ్మను ఉస్మానియా దవాఖానకు తీస్కపోయిన. ఓపీ చిట్టీ రాపిచ్చి, నంబర్ వచ్చేదాక నయాపూల్ మీద నిలవడ్డ. ఇటు దవాఖాన, మూసీ అవతల హైకోర్టు, సిటీ కాలేజీ. ఈ బిల్డింగులన్నీ ఒక్క రాజు కాలంలనే లేచినయి. ఆయన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

1886ల పురానీ హవేలీల పుట్టిండు. 1908ల మూసీ పొంగి వేలమందిని మింగింది. 1911ల గద్దెనెక్కినంక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టిపిచ్చిండు. ఆ మేలు కాదనలేం. 1918ల యూనివర్సిటీ పెట్టిండు గానీ చదువంత ఉర్దూలనే. 1937ల అమెరికా టైమ్ పత్రిక ఆయన బొమ్మ అట్ట మీద ఏసింది, లోకంల అందరికంటే సంపన్నుడని. ఇవన్నీ మీ ఫోన్ల దొరుకుతయి. నేను చెప్పేది ఆయన రేడియో ముచ్చట.

మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి చిరాగ్ అలీ గల్లీల సొంతంగ ఒక రేడియో పెట్టిండు. ట్రాన్స్‌మిటర్ 200 వాట్లు. మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత బలం, గంతే! 1935ల నిజాం సర్కార్ దాన్ని చేతిలకు తీసుకున్నది. అదే డెక్కన్ రేడియో. వార్తలు, ముషాయిరాలు, గజళ్లు... ఎక్కువ ఉర్దూల. రాజ్యంల ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, కానీ రేడియోల దానికి దొరికింది కొద్దిసేపే. ఊర్లల్ల కరెంటే లేదు, రేడియో పెట్టె దొర గడీల ఉంటే ఉన్నట్టు.

మరి మనోళ్లు ఏం విన్నరు? డప్పు, ఒగ్గుకథ, బతుకమ్మ పాట. బండి యాదగిరి నిజాం మీద కట్టిన పాట ఏ ట్రాన్స్‌మిటర్ లేకుంటనే ఊరూరు తిరిగింది. కైకిలి పోయేటోళ్ల నోట్ల నుంచి పక్కూరికి, ఆడికెళ్లి ఇంకో ఊరికి. దాన్ని ఆపుడు సర్కారుతోని కాలే.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న సాయంత్రం నిజాం తన ఫౌజు కాల్పులు ఆపుతున్నదని రేడియోల చెప్పిండు. స్టేషన్‌ల అడుగు పెట్టుడు ఆయనకు అదే మొదటిసారి. పదమూడేండ్లు రేడియో తన సర్కారు చేతిలుంటే, తన గొంతు జనానికి వినిపిచ్చింది రాజ్యం పోయిన నాడు. ఆ మాటలు గూడ తెలుగుల కాదు. మా ఊర్ల ముసలోళ్లకు ఆ కబురు రేడియో చెప్పలే, పట్నం నుంచి వచ్చినోళ్లు చెప్పిన్రు.

1950ల డెక్కన్ రేడియో ఆకాశవాణిల కలిసింది. ఆయన 1956 దాక రాజ్‌ప్రముఖ్‌గ ఉండి, 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠిల కన్నుమూసిండు. ఎదురుంగనే జూదీ మసీదుల తల్లి పక్కన బొంద పెట్టిన్రు. పట్నం పట్నమంత కదిలొచ్చిందంటరు.

నంబర్ వచ్చిందని ఫోన్ మోగింది, లోపటికి పోయిన. బల్ల మీద కూసున్న నాయినమ్మ పక్క మంచం ఆమెకు బతుకమ్మ పాట నేర్పుతున్నది.